ఒక్క దినమున హంసలదీవి: సంగమ స్నానమునకు పోవువారికి కొన్ని మాటలు

మాఘమాసము సమీపించగనే నాకు వచ్చు ఉత్తరములలోను, ఇటీవల టెలిఫోనులోను ఒకే ప్రశ్న మరల మరల వినబడుచుండును. "పంతులుగారూ, పున్నమికి హంసలదీవి వెళ్దామనుకుంటున్నాం. పిల్లా పెద్దా కలిసి పదిహేనుమందిమి. పొద్దున్నే విజయవాడలో బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరగలమా?" అని అడుగుదురు. చేరగలరు. త్రోవ బాగున్నది, వాహనములు ఉన్నవి. కాని ఆ ప్రశ్న కంటె ముందు అడుగవలసినది వేరొకటి ఉన్నది. సముద్రములో ఎక్కడ దిగవలెను, ఏ వేళ దిగవలెను, ఎంత లోతున నిలువవలెను? ఈ మూడింటిని అడిగినవారిని నేను వ్రేళ్ళపై లెక్కింపగలను. ఇరువది సంవత్సరములకు పైగా యాత్రికులకు అచట సంకల్పము చెప్పిన నేనే చాలకాలము దీనిని ఆలోచింపలేదు. ఆలోచింపనందున ఏమి జరిగినదో ముందు చెప్పెదను. తక్కిన విషయము దానిని బట్టియే అర్థమగును.

కొన్నేండ్ల క్రిందట ఒక గృహస్థుడు తన తండ్రిగారి అస్థులను సంగమమున నిమజ్జనము చేయుటకై కుటుంబముతో వచ్చెను. వయస్సు నలుబది దాటినవాడు, దృఢకాయుడు, ఊరి చెరువులో ఈత నేర్చినవాడు. దారిలో ఆలస్యమై మేము సంగమము చేరునప్పటికి మధ్యాహ్నము కావచ్చినది. ఆయన మోకాలిలోతు నీటిలో నిలిచి "ఇక్కడ చాలునా?" అని అడిగెను. "నాభి వరకు దిగవలెను నాయనా, అది పద్ధతి" అంటిని. ఆయన ఇంకను నాలుగు అడుగులు వేసెను. ఆ నాలుగవ అడుగు క్రింద ఇసుక లేదు. నీరు పైకి నిశ్చలముగానే ఉన్నది, పెద్ద అల ఏదియు రాలేదు. అయినను చూచుచుండగనే ఆయన ఇరువది గజముల దూరమునకు పోయెను. అరవలేదు, చేయి ఊపలేదు. ఆయన భార్యకు ఆయన ఈదుచున్నారనియే తోచినదట. దైవవశమున నాటు పడవలో వల సర్దుకొనుచున్న ఇద్దరు బెస్తవారు చూచి, పడవ త్రిప్పి, ఆయనను జుట్టు పట్టి లాగి ఎక్కించిరి. కలశము నీటిపాలైనది. ఆయన బ్రదికెను.

ఒడ్డుకు వచ్చిన పిమ్మట ఆ ఇద్దరిలో పెద్దవాడు నన్ను ప్రక్కకు పిలిచి మెల్లగా అన్నమాట నాకు నేటికిని చెవిలో ఉన్నది. "అయ్యగారూ, మంత్రం మీకు తెలుసు, ఈ నీళ్ళు మాకు తెలుసు. ఆటుకి ఏరు లాగేటప్పుడు ఇక్కడ మేమే దిగం." నేను బదులు చెప్పలేకపోతిని. నాభిలోతు నియమము మెట్లు కట్టిన నదీఘట్టములను దృష్టిలో ఉంచుకొని వచ్చిన ఆచారము. దానిని తెచ్చి కడలి ముఖద్వారమున ప్రయోగించినవాడను నేను. శాస్త్రము తప్పు చెప్పలేదు, దానిని చోటెరుగక చెప్పినవాడు తప్పు చేసెను.

క్షేత్రము యొక్క స్వరూపము

హంసలదీవి కృష్ణా జిల్లా కోడూరు మండలములోనిది. పులిగడ్డ కడ కృష్ణవేణి రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ సముద్రము వరకు వ్యాపించిన నేలయే దివిసీమ. తూర్పుపాయ హంసలదీవి దాపున సాగరమును చేరుచున్నది. జనుల పాపములను కడిగి కడిగి నల్లబడిన గంగ కాకి రూపమున సర్వతీర్థములు తిరిగి, తుదకు ఇచట మునిగి హంసయై లేచెనను స్థలపురాణము, దేవతలు ఒక్క రాత్రిలో శ్రీ వేణుగోపాలస్వామి ఆలయమును కట్టుచుండగా కోడి కూసినందున గోపురమును అసంపూర్ణముగా విడిచి పోయిరను ఐతిహ్యము పాఠకులు ఎరిగినవే. వానిని ఇచట విస్తరింపను.

ఎరుగవలసిన సంగతి వేరొకటి. ఆలయము ఒకచోట, సముద్రతీరము ఒకచోట, సంగమము ఇంకొకచోట ఉన్నవి. స్వామివారి ఆలయము గ్రామములో ఉన్నది. అచటినుండి కొన్ని కిలోమీటర్లు పోయినగాని పాలకాయతిప్ప తీరము రాదు. ఆ తీరమున, డాల్ఫిన్ భవన్ అని పిలువబడు కట్టడము వద్ద, త్రోవ ముగియును. సంగమము కనులకు కనబడవలెనన్న అచటినుండి ఇసుకలో మరల చాల దూరము పోవలెను. మొదటి రెండు చోట్లను చూచి మూడవదానికి వేళ చాలక తిరిగిపోవువారు కొందరు, వేళ మించినను పట్టుదలతో మిట్టమధ్యాహ్నము పోవువారు కొందరు. రెండవ తెగవారి విషయముననే నాకు భయము.

ఇది విశాఖపట్టణము వంటి పట్టణపు కడలిఒడ్డు కాదు. చుట్టును మడ అడవులు, ఉప్పుటేరులు, కృష్ణా అభయారణ్యము. నీడ లేదు, మంచినీరు లేదు. అంగళ్ళు పర్వదినములలో వెలయును, మరునాడు ఉండవు. మాఘ పూర్ణిమకు పోలీసులు, గజ ఈతగాళ్ళు నిలిచి కాపాడుదురు. సామాన్యదినమున పోవువారు తమ కాపలా తామే అని తలచి పోవలెను. టెలిఫోను పలుకునన్న నమ్మకము పెట్టుకొనరాదు. ఆసుపత్రి కావలెనన్న అవనిగడ్డకు రావలసినదే.

తీరమునకు వెనుక ఇసుకతిప్పలు వరుసగా ఉన్నవి. మిగుల ఎత్తైనవి కావు. అయినను వాని నీడన కూర్చుండి సంకల్పము చెప్పించుకొనుట నాకు ఎంతయో ఇష్టము. అమరకోశము వల్లించిన బాలునకు కూడ పులినము వేరు, సైకతము వేరు అని తెలియును. నీటినుండి క్రొత్తగా బయటపడిన నేల పులినము, కేవలము ఇసుకమయమైన నేల సైకతము. తీరమున ఈ భేదము కన్నులకు కట్టినట్లుండును. అల వచ్చి పోవు తడినేల ఒకటి, పోటు అందని పొడినేల ఒకటి. ఆ పొడి ఇసుకను గాలి ఎగురగొట్టును. బాలబంధు తీగయు, రావణాసురుని మీసములని పల్లెవారు పిలుచు ముండ్లగడ్డియు దానిని అడ్డగించును. అడ్డగించినకొలది తిప్ప పెరుగును, తిప్ప పెరిగినకొలది తీగ దానిపైకి ప్రాకును. ఇట్లు ఎవరును కట్టని గట్టు ఒకటి లేచినది. మహాకెరటము వచ్చినప్పుడు ముందు దెబ్బ తిని దాని వేగమును కొంత తగ్గించునది ఈ గట్టే, దాని వెనుక మడ అడవియే. 1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెనను చూచినవారు నేటికిని మన మధ్య ఉన్నారు. ఆ రాత్రి ప్రభుత్వపు లెక్కప్రకారమే పదివేలమంది వరకు మరణించిరి. అంతటి ఉప్పెనను తిప్పలు ఆపజాలవు, నిజమే. కాని ఏటేట వచ్చు చిన్న తుఫానులనుండి ఊళ్ళను కాచునవి ఇవి. కావున తీగలను త్రొక్కుచు తిప్పల పైకి వాహనములు ఎక్కించుట, అడ్డదారి కొరకు గట్టును త్రవ్వుట, వంటకని సరుగుడు కొమ్మలు విరుచుట యాత్రికులకు తగని పనులు.

తిప్పల పాదమున మరియొక రహస్యము ఉన్నది. పుష్య మాఘ ఫాల్గున మాసములలో ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, పోటు అందని ఇసుకలో గొయ్యి త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి మరల కడలిలోనికి పోవును. సుమారు రెండు నెలలలోపల పిల్లలు వెలువడి వెలుతురును బట్టి నీటివైపు పరుగిడును. ఒడ్డున దీపములు వెలిగినచో దారి తప్పి ఇటువైపు వచ్చి మరణించును. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి కంచెలలో కాపాడుచున్నారు. ఆ కంచెల దరికి పోరాదు, గ్రుడ్లు కనబడినను ముట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. శ్రీకూర్మనాథుని కొలుచు మనకు చట్టము చెప్పవలసిన పని ఉండరాదు.

సముద్ర స్నానమునకు శాస్త్రము చెప్పినది

రావిచెట్టును, సముద్రమును సేవింపవచ్చునే గాని ఎల్లప్పుడును తాకరాదని ధర్మశాస్త్రకారుల మతము. రావిని శనివారమున తాకవచ్చును. సముద్రమును పర్వములందు, అనగా పూర్ణిమ, అమావాస్య మొదలగు దినములందు తాకవచ్చును. మంగళ శుక్రవారములలో కూడదందురు. సేతువునకు మాత్రము ఈ నియమములు లేవు, అచట నిత్యము స్నానము చేయవచ్చును. గ్రహణాదులందు తప్ప రాత్రి స్నానము నిషిద్ధము. దీనినుండి సామాన్యులు గ్రహించినది ఏమనగా, పర్వదినమున సముద్రుడు ప్రసన్నుడై ఉండునని. శాస్త్రము అట్లు చెప్పలేదు. ఆ దినమున తాకుటకు అనుజ్ఞ ఉన్నదనియే చెప్పినది.

నిజమునకు పర్వదినముననే సముద్రము ఎక్కువగా కదలును. చంద్రుడు తన కుమారుడు గనుక పూర్ణబింబమును చూచి సముద్రుడు పొంగునని మన కవులు వర్ణించుట అందరికిని తెలియును. పూర్ణిమ, అమావాస్యలలో సూర్యచంద్రులు ఇరువురును ఒకే రేఖలో నుండి నీటిని ఆకర్షించుటచే పోటు మిక్కిలి ఎక్కును, ఆటు మిక్కిలి తీయును. అష్టమి ప్రాంతమున రెండును తగ్గును. మన కృష్ణాతీరమున పర్వదినములలో ఈ ఎక్కుట దిగుట ఒక మీటరు పైచిలుకు ఉండును. ఒక మీటరేగదా అనరాదు. నదీముఖమున అంత నీరు ఆరు గంటలలో ఇరుకు త్రోవగుండ బయటికి పోవలెను. దానికి ఏటి ప్రవాహము తోడగును. అందుచేత ఆటువేళ సంగమమున నీరు పైకి ప్రశాంతముగా కనబడుచునే లోపల లోపల మనుష్యుని కడలివైపు ఈడ్చుకొనిపోవును. ఏటిలో నీరు తెచ్చిన ఇసుకయు అచటనే పడును, కోసుకొనిపోవును. నిన్న మోకాలిలోతు ఉన్న చోట నేడు నిలువులోతు గొయ్యి ఉండవచ్చును. మాఘ పూర్ణిమనాడు వేలమంది ఒక్కసారిగా దిగుటయు ఆ చోటనే.

సంస్కృతమున "వేలా" అను శబ్దమునకు తీరమనియు, పోటనియు, కాలమనియు మూడర్థములు ఉన్నవి. మన తెలుగు "వేళ" దాని బిడ్డయే. పాఠశాలలో మా గురువుగారు దీనిని చెప్పినప్పుడు నానార్థముల పట్టికలో ఒక పంక్తిగానే వ్రాసుకొంటిని. ఆ బెస్త పెద్ద మాట విన్న తరువాత దాని పొందిక తెలిసినది. సముద్రమున తీరమెక్కడిదో చెప్పవలెనన్న వేళ చెప్పవలెను.

ఆ వేళను లెక్కించుట పంచాంగము చూచువారికి కష్టము కాదు. దినమునకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు మొదలు మరుసటి పోటు వరకు సుమారు పన్నెండు గంటల ఇరువదియైదు నిమిషములు. కావున నేటి పోటు రేపు దాదాపు ఏబది నిమిషములు, అనగా రెండు గడియలు వెనుకబడి వచ్చును. తిథికి రెండు గడియల చొప్పున బెస్తవారు ముహూర్తమువలె నోటిలెక్కన చెప్పగలరు. పోయిన వెంటనే వారిని అడుగుడు. "ఇప్పుడు ఆటా, పోటా? ఎప్పటికి తిరుగుతుంది?" ఈ ఒక్క ప్రశ్నకు ఖర్చు ఏమియు లేదు. సంగమ సమీపమున ఆటు నడుచుచున్నంతవరకు పాదములు తడుపుకొనుటకు మించి పోరాదు.

సంగమమునకు దూరముగా, తెరపి ఉన్న తీరమున కూడ ఒక గండము ఉన్నది. అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీరు ఎక్కడనో ఒకచోట త్రోవ చేసికొని మరలి పోవలెను గదా. ఆ త్రోవలో అలలు విరుగవు, నురుగు తక్కువగా ఉండును, రంగు కొంచెము నలుపెక్కును. అటునిటు అలలు ఎగసిపడుచుండగా నడుమ నిదానముగా ఉన్న ఆ పట్టును చూచి, పిల్లలకు ఇదియే మంచి చోటని తల్లులు వారిని అచటికే తీసికొనిపోవుదురు. మనుష్యుని లోపలికి లాగుకొనిపోవునది ఆ చోటే. తెల్లని నురుగు ఒకే తీరుగా ఉన్న చోటు చూడుడు. ఒకవేళ చిక్కుకొన్నచో ఒడ్డువైపు ఎదురీదరాదు, బలము క్షీణించును. వెల్లకిల తేలుచు, ఒడ్డుకు సమాంతరముగా కొంత దూరము ప్రక్కకు జరిగిన పిదప ఆ లాగుడు విడుచును. అప్పుడు అలల వెంట రావలెను.

మరి స్నానము ఎట్లు? నా నిర్ణయము ఇది. సంగమము కంటికి కనబడు చోట, కాని దానికి కనీసము ఒక కిలోమీటరు దూరమున, మోకాలు మునుగని నీటిలో కూర్చుండి, చెంబుతో శిరస్సుపై పోసికొనవలెను. నదీజలము కడలిలో కలిసి తీరము వెంబడి ఎంతో దూరము వ్యాపించునదే గనుక అది సంగమ స్నానము కాదనువారితో వాదమునకు నేను సిద్ధము. వృద్ధులు, గర్భిణులు, మూర్ఛవ్యాధి గలవారు, గుండెజబ్బు గలవారు చెంబు నీటినే ఒడ్డున ప్రోక్షించుకొనిన చాలును. మంత్రస్నానము, భస్మముతో ఆగ్నేయము, గోధూళితో వాయవ్యము, మానసము మొదలుగా స్నానమును ఏడు విధములుగా చెప్పిన పెద్దలు అశక్తుని తలచుకొనియే చెప్పిరి. అస్థినిమజ్జనమునకు సైతము లోతు అక్కరలేదు. పోటు వచ్చు వేళ గాని, తిరుగు వేళ గాని పాదముల కడ విడిచినను సముద్రుడు స్వీకరించును. లోతులోనే విడువవలెనను పట్టుదల ఉన్నచో బెస్తవారి పడవలో, వారు చెప్పినట్లు కూర్చుండి పోవలెను గాని నడచి కాదు.

స్త్రీలు తడిసిన చీర విషయమున జాగ్రత్త వహింపవలెను. అల మరలునప్పుడు కుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకొని పడవేయును. కచ్చ పోసి బిగించుకొనుట మేలు. కట్టువస్త్రములను నీటిలో విడుచు ఆచారము ఒకటి ఇటీవల ప్రబలినది. దీనికి ఇచట శాస్త్రాధారము నాకు కనబడలేదు. ఆ బట్టలు మునిగి, ఇసుకలో చిక్కి, తరువాత దిగినవారి కాళ్ళకు, వలలకు, తాబేళ్ళకు ఉరులగుచున్నవి. తీర్థములో ఉమ్మి వేయుట, బట్టలుతుకుట సైతము దోషములని చెప్పిన శాస్త్రము దీనిని పుణ్యమని చెప్పునా? ఎవరైన పురోహితుడు విడువుమన్నచో నా పేరు చెప్పి వాదింపుడు.

ప్రయాణపు ఏర్పాటు

ఒక్క దినమున తిరిగి రాగోరువారు చేయు పెద్ద పొరపాటు త్రోవలోని క్షేత్రములన్నియు ముందు చూచుకొని సముద్రమును చివరకు ఉంచుకొనుట. విజయవాడనుండి ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా త్రోవ 100 కిలోమీటర్లకు పైగా ఉన్నది. కూచిపూడిలో ఒక గంట, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు దర్శనమునకు ఒక గంట, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిని రెండు గంటలు గడిపి బయలుదేరినచో కడలి చేరునప్పటికి పండ్రెండు దాటును. ఇసుక కాలును, పిల్లలు ఆకలికి ఏడ్చుదురు, పెద్దలు నీరసింతురు, అందరును త్వరపడుదురు. త్వరపడినవాడు బెస్తవానిని అడుగడు.

కావున క్రమమును తలక్రిందులు చేయుడు. వీలైనవారు ముందునాటి రాత్రి మోపిదేవిలోనో, అవనిగడ్డలోనో నిద్రించి తెల్లవారుజామున కదలవలెను. వీలుకానివారు విజయవాడలో మూడు గంటలకే బయలుదేరవలెను. మాఘస్నానమునకు అరుణోదయము ప్రశస్తమని చెప్పుదురు గదా, సముద్రమున చీకటిలో దిగవచ్చునా అని అడుగుదురు. దిగరాదు. అరుణోదయమున బసలోనే నిత్యస్నానము, సంకల్పము ముగించుకొనుడు. సముద్రములో మాత్రము సూర్యబింబము కనబడిన తరువాతనే దిగుడు. మాఘమాసమున అది సుమారు ఆరున్నర గంటలకు. ఎనిమిది, తొమ్మిది గంటలకెల్ల స్నానము, తర్పణములు ముగించి ఇసుక వేడెక్కక మునుపే గ్రామమునకు మరలి, వేణుగోపాలస్వామివారిని దర్శించి, ఆలయము మూయక ముందే తీర్థప్రసాదములు స్వీకరింపవచ్చును. ఆటువేళ ఉదయముననే పడినదని తెలిసినచో సంగమము దరికి పోవు ఆశను ఆ దినమునకు విడిచి, దూరముననే స్నానము చేసి రావలెను.

మాసములలో పుష్యము మొదలు ఫాల్గునము వరకు మేలు. ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు వరద కాలము. ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తినారన్న వార్త విన్నచో ఆ వారము సంగమమును మరచిపోవలెను. కార్తికమున వనభోజనములకు పలువురు వచ్చుచున్నారు గాని అది తుఫానుల ఋతువు. 1977 నాటి ఉప్పెన కార్తికముననే వచ్చినది. వాతావరణశాఖ హెచ్చరికను, రేవులోని ప్రమాదసూచికను తెలిసికొని బయలుదేరుట అవసరము.

తీసికొనిపోవు వస్తువులలో మంచినీరు ముఖ్యము. మనిషికి మూడు లీటర్లకు తగ్గరాదు. పులిహోర, దధ్యోదనము, అరటిపండ్లు చాలును. ఇసుకలో పొయ్యి పెట్టి వంట చేయుట గాలికి నిప్పును అప్పగించుటయే. గొడుగులు, పిల్లలకు టోపీలు, కాళ్ళకు చెప్పులు ఉండవలెను. తీర్థమునకు చెప్పులతో పోరాదనుకొని పది గంటలకు పాదములు బొబ్బలెక్కించుకొన్నవారిని చూచితిని. తడి ఇసుక వరకు చెప్పులతో పోయి అచట విడువవచ్చును. పూజకు విస్తళ్ళు, దొన్నెలే వాడుడు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఎన్ని తెచ్చిరో అన్ని తిరిగి కొనిపోవుడు. అచట ఊడ్చువారు లేరు, గాలి వానిని మడ అడవికి చేర్చును.

ఇంకను రెండు వస్తువులు. మూత బిగించిన ఇరువది లీటర్ల ఖాళీ నీటి డబ్బా ఒకటి, దానికి కట్టిన చేంతాడు ఒకటి. నూతులు పూడిపోయిన ఈ కాలమున చేంతాడు ఎక్కడ దొరకునని నవ్వకుడు, నైలాను తాడైనను సరియే. మునుగుచున్నవానికి ఈత రానివాడు ఎదురుపోయినచో ఇరువురును పోవుదురు. ఒకరి వెనుక ఒకరుగా ఒక కుటుంబములోని ముగ్గురు, నలుగురు పోయిన వార్తలను పత్రికలలో చదువుచునే ఉన్నాము. డబ్బాను విసరిన అది తేలును, పట్టుకొనినవాడు తేలును. బయటికి తీసినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, కడుపు నొక్కుట చేయరాదు. శ్వాస లేనిచో తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోట నోరుంచి ఊపిరి ఊదుచు, రొమ్మును చేతులతో బలముగా నొక్కుచు, వేరొకరు 108కి గాని 112కి గాని చెప్పవలెను. పదునైదుగురు పోవునప్పుడు ఇద్దరు నీటిలో దిగకుండ ఒడ్డున నిలిచి తలలు లెక్కించుచుండవలెను. మా యాత్రలలో ఆ పని నేనే చేయుచుంటిని. స్నానము కాలేదని నొచ్చుకొనువారు తరువాత తమ వంతున చేయవచ్చును.

ఫోటోల కొరకు అలకు వీపు చూపి నిలుచువారిని గూర్చి చెప్పుట మానితిని. ఎన్ని మారులు చెప్పినను వినరు.

మధ్యాహ్నము కోడూరులోనో అవనిగడ్డలోనో భోజనము చేసి కొంత విశ్రమించినచో, సాయంకాలము మోపిదేవి ఆలయము తెరచునప్పటికి అచట ఉండవచ్చును. తీరముననే సాయంసంధ్య చూడవలెనని కొందరు కోరుదురు. మన తీరము తూర్పుతీరము, సూర్యుడు అస్తమించునది మడ అడవుల వెనుక. చీకటి పడక మునుపే తీరమును ఖాళీ చేయవలెనని అటవీశాఖవారు హెచ్చరింతురు. ఆ తరువాత ఆ ఇసుక తాబేళ్ళది.

ఆ గృహస్థుడు ఇప్పటికిని ఏటేట తండ్రిగారి తిథికి హంసలదీవి వచ్చుచున్నాడు. తొలి యేడు నాకు ముఖము చూపించుటకు నేనే సిగ్గుపడితిని. ఆయన మాత్రము రాగి చెంబు ఒకటి తెచ్చి, తడి ఇసుకపై కూర్చుండి, "ఇక్కడ చాలునా?" అని మరల అడిగెను. చాలునంటిని.